కోడిపిల్లలకు చోటిచ్చిన మేష్టారు



మా మేష్టారి పేరు మీద ఈ స్మారక నిధి పెట్టిన అమ్మగారు నన్ను పిలవమని కబురు చేసినప్పుడే ఒక షరతు పెట్టారు. "ఆయన్ని పొగడొద్దు నాయనా. బతికుండగానే పొగిడితే లేచి వెళ్ళిపోయేవారు. ఆయన చెప్పిన పాఠం ఏదన్నా గుర్తుంటే అది చెప్పు, చాలు" అన్నారు. అందుకని ఆహ్వానపత్రిక మీద ఉన్న పేరు ఈ గంటసేపూ నా నోట రాదు. మా మేష్టారికి ఇంకో మేష్టారంటే మహా ఇష్టం. 1873లో పాఠాలు మొదలుపెట్టి 1907 దాకా హార్వర్డ్‌లో పనిచేసిన విలియం జేమ్స్. ఇవాళ ఆయన సంగతి చెబుతాను.

మా రోజుల్లో బి.ఏ. సిలబస్‌లో జేమ్స్ వాటా అయిదు మార్కుల షార్టు నోటు. "జేమ్స్-లాంగే సిద్ధాంతం వివరింపుము." దుఃఖం వచ్చి ఏడవడం కాదు, ఏడవడం వల్ల దుఃఖం, భయపడి పరుగెత్తడం కాదు, పరుగెత్తుతున్నాం గనక భయం. 1884లో జేమ్స్, మరుసటి ఏడు డెన్మార్క్‌లో కార్ల్ లాంగే విడివిడిగా ఇంచుమించు ఇదే మాట అన్నారు. ఇంతవరకూ రాసేస్తే అయిదుకి నాలుగు వచ్చేవి. మా మేష్టారు మాత్రం ఆ ఒక్క షార్టు నోటు పట్టుకుని మూడు వారాలు లాగారు. సిలబస్ పూర్తికాలేదని ఆ ఏడు మా బాచీ వాళ్ళం కొందరం గొణుక్కున్నాం కూడా. నేనూ ఆ కొందరిలో ఉన్నాను, దాచడం దేనికి.

అసలు ఎండోమెంటు ఉపన్యాసాల మీద జేమ్స్‌కే పెద్ద నమ్మకం లేదు. ఆయనా ఒకసారి ఇవ్వవలసి వచ్చింది. ఇంగర్‌సోల్ అనే ఆవిడ తండ్రి పేరు మీద హార్వర్డ్‌లో నిధి పెట్టారు, మనిషికి చావు తరవాత ఏమన్నా ఉందా లేదా అన్న విషయం మీద మాట్లాడించమని. 1898లో అచ్చయిన ఆ ఉపన్యాసాన్ని జేమ్స్ ఎక్కడ మొదలుపెట్టారో చూడండి. మనుషులకున్న ఏ ఆకలికైనా ఒక సంస్థ కట్టామంటే, ఆ ఆకలి తీరకుండా అడ్డుపడేది ముందుగా ఆ సంస్థేనన్నారు. న్యాయస్థానాలు, మతపీఠాలు, వైద్యవృత్తి, ఆఖరికి విశ్వవిద్యాలయాలు, అన్నిటినీ ఆ జాబితాలో కలిపేశారు. విశ్వవిద్యాలయం పిలిచిన సభలో, విశ్వవిద్యాలయం జీతం తీసుకుంటూ. ఆ తరవాత బుద్ధిగా తన ఉపన్యాసం తాను ఇచ్చారు.

ఈ మనిషి మనస్తత్వశాస్త్రం ఎవరి దగ్గరా చదువుకోలేదు. కుర్రతనంలో బొమ్మలు వేద్దామనుకున్నారు, మానేశారు. రసాయనశాస్త్రం పట్టారు, వదిలేశారు. 1865లో అగాసీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడి బృందంతో అమెజాన్ వెళ్ళి మశూచి లాంటి జబ్బుతో మంచాన పడ్డారు. 1869లో డాక్టరు పట్టా తెచ్చుకుని ఒక్క రోగికీ మందు రాయలేదు. శరీరధర్మశాస్త్రం చెప్పడానికి హార్వర్డ్‌లో చేరి, 1875లో సైకాలజీ క్లాసు మొదలుపెట్టారు. తన జీవితంలో విన్న మొదటి సైకాలజీ పాఠం తాను చెప్పిన మొదటి పాఠమేనని తరవాత ఆయనే వేళాకోళమాడుకున్నారు. ఆ ఏడే లారెన్స్ హాల్లో రెండు గదులు తీసుకుని కాస్త సామాను పెట్టారు. లైప్జిగ్‌లో వుంట్ అనే శాస్త్రజ్ఞుడి సైకాలజీ ప్రయోగశాల 1879 నాటిది. ప్రయోగశాల పెట్టడంలో ఎవరు ముందన్న తగాదా జేమ్స్ శిష్యుడు స్టాన్లీ హాలే తరవాత లేవదీశాడు. ఆ తగాదా మనకెందుకు, వదిలేద్దాం.

వదిలెయ్యకూడనిది ఇంకొకటి ఉంది. డాక్టరు పట్టా వచ్చిందే గాని ఆ రెండు మూడేళ్ళూ ఆయన ఇంట్లో పడుకునే ఉన్నారు. నడుము నొప్పి, కళ్ళు పనిచెయ్యవు, నిద్ర లేదు, ఇవన్నీ ఒక ఎత్తు. బతకడం దేనికన్న ప్రశ్న ఒక ఎత్తు. ఆ రోజుల్లో ఒక సాయంత్రం ఏదో తెచ్చుకుందామని చీకటి గదిలోకి వెళ్ళారు. ఎక్కడో పిచ్చాసుపత్రిలో చూసిన ఒక కుర్రాడు ఉన్నట్టుండి కళ్ళకు కట్టాడు. నల్లటి జుట్టు, పచ్చగా పాలిపోయిన ఒళ్ళు, మోకాళ్ళు గడ్డానికి ముడుచుకుని రోజల్లా గోడవారన కూర్చునే మనిషి. వాడికి అలా అయినప్పుడు నాకు మాత్రం కాకుండా ఆపేది ఏముందన్న ఆలోచన తట్టేసరికి గుండెలో గట్టిగా ఉన్నదేదో కరిగి నీరైపోయినట్టయింది. నెలల తరబడి ఒంటరిగా చీకట్లోకి వెళ్ళలేకపోయారు. 1902లో వచ్చిన మతానుభవాల పుస్తకంలో ఆయన ఈ సంగతి రాశారు గాని, ఎవరో ఫ్రెంచి పెద్దమనిషి తనకు రాసి పంపినట్టు రాశారు. ఆ పెద్దమనిషిని నేనేనని తరవాత ఆ పుస్తకాన్ని ఫ్రెంచిలోకి మారుస్తున్నాయనతో ఒప్పుకున్నారు.

మా మేష్టారు ఈ కథ ఏటా ఒకసారి చెప్పేవారు. ఎప్పుడంటే, పరీక్ష ఫలితాలు వచ్చిన వారంలో. కౌన్సెలింగ్ సెల్లులూ హెల్ప్‌లైన్ పోస్టర్లూ లేని కాలం. క్లాసులోకి వచ్చి పుస్తకం తియ్యకుండా ఆ చీకటి గది కథ మొదలుపెట్టారంటే, వెనక బెంచీల్లో ఎవరికోసం చెబుతున్నారో మాకు తెలిసిపోయేది. ఎవరి వంకా చూసేవారు కాదు. కిటికీ వంక చూస్తూ చెప్పేవారు.

1870 ఏప్రిల్ 30న జేమ్స్ డైరీలో ఒక తీర్మానం రాసుకున్నారు. రెనువియే అనే ఫ్రెంచి తత్వవేత్తను చదివిన ఊపులో, మనిషికి స్వేచ్ఛ ఉందని నమ్మడమే తన స్వేచ్ఛతో చేసే మొదటి పని అని. దాంతో జబ్బు కుదిరిపోయిందని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. అలా కుదరలేదు. మధ్యమధ్య తిరగబెడుతూనే ఉంది, చివరిదాకా. కుదిరిన రోజున లేచి పనిచేశారు, కుదరని రోజున పడుకున్నారు. నాకు ఆ మనిషి మీద గౌరవం ఆ తీర్మానం వల్ల కాదు, అది పూర్తిగా పనిచెయ్యకపోయినా 34 ఏళ్ళు పాఠం చెప్పినందుకు.

1878లో పెళ్ళయింది. ఆ ఏడే హెన్రీ హోల్ట్ అనే ప్రచురణకర్తతో సైకాలజీ మీద పుస్తకం రాసిస్తానని ఒప్పందం చేసుకున్నారు. రెండేళ్ళలో ఇస్తానన్నారు, పన్నెండేళ్ళు పట్టింది. 1890లో రెండు సంపుటాలు, సుమారు 1,400 పేజీలు. పూర్తి చేసి హోల్ట్‌కు ఒక ఉత్తరం రాశారు. నీరుపట్టి ఉబ్బిపోయిన ఈ అసహ్యపు ముద్ద రెండే విషయాలు రుజువు చేస్తోందట. సైకాలజీ అనే శాస్త్రం లేదన్నది ఒకటి, విలియం జేమ్స్ చేతకానివాడన్నది ఒకటి. ప్రచురణకర్త గుండె ఏమైపోయిందో! రెండేళ్ళకు దాన్నే కుదించి విద్యార్థుల ప్రతి తెచ్చారు. పెద్ద పుస్తకాన్ని విద్యార్థులు 'జేమ్స్' అన్నారు, చిన్నదాన్ని 'జిమ్మీ' అన్నారు. మా మేష్టారి దగ్గర ఉన్నది జిమ్మీయే. వెన్ను విరిగి, గోధుమరంగు కాగితం అట్ట వేసుకుని, మైదా జిగురు వాసన వేసేది. దాంట్లో ఆయన గీతలు తక్కువ. అడిగి పట్టుకెళ్ళిన మా గీతలే ఎక్కువ.

ఆ పెద్ద పుస్తకంలో ఒక్క మాట మన తెలుగు సాహిత్యం దాకా ప్రవహించింది. అంతకుముందు ఆలోచనల్ని గొలుసుతో పోల్చేవారు, ఒక ఆలోచనకు ఇంకొకటి కొక్కెం తగిలించినట్టు. గొలుసు కాదు, ఏరు అన్నారు జేమ్స్. ఆలోచన పిట్టలా కాసేపు ఎగురుతుంది, కాసేపు వాలుతుంది. వాలిన చోట్లే లెక్కపెట్టి, ఎగిరిన దారిని వదిలేస్తున్నామన్నారు. ఆ ఏటి పోలిక నవలాకారుల చేతుల్లో పడి, మనకు 'చైతన్య స్రవంతి' అయింది. 1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య' చదివినవారికి చెప్పక్కర్లేదు. ఉస్మానియా హాస్టల్లో రవి అనే కుర్రాడు నిద్రలేచింది మొదలు ఒక్క రోజులో వాడి బుర్రలో పారినదంతా ఆ నవల. ఆ పుస్తకంతో రచయిత ఇంటిపేరే మారిపోయింది. మా మేష్టారు ఆ నవల క్లాసుకు తెచ్చి, "ఇదిగో మీ తొమ్మిదో అధ్యాయం, వరంగల్ ఆయన తెలుగులో రాశాడు" అన్నారు. ఇంగ్లీషు రాక జేమ్స్‌ను చూసి బెదిరిపోయిన మాకు అది పెద్ద ఊరట.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి వస్తాను. జేమ్స్‌కు శిష్యులున్నారు గాని సంప్రదాయం లేదు. వుంట్ దగ్గర చదివినవాళ్ళు వెళ్ళిన చోటల్లా వుంట్ ప్రయోగశాల లాంటిదే కట్టారు. ఫ్రాయిడ్ శిష్యుల్లో దారి తప్పినవాణ్ణి వెలివేశారు. జేమ్స్ దగ్గర కూర్చున్నవాళ్ళలో ఒకరి దారికీ ఇంకొకరి దారికీ పొంతన ఉండదు. సిద్ధాంతం ఇచ్చి పంపినవాడు కాదాయన. చోటు ఇచ్చినవాడు. ఈ చోటు అన్న మాట నేను అలంకారంగా అనడంలేదు.

ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే కుర్రాడు 1896 ప్రాంతంలో హార్వర్డ్‌కు వచ్చాడు. జంతువులు ఎలా నేర్చుకుంటాయో చూడాలని కోడిపిల్లల్ని పెంచడం మొదలుపెట్టాడు, అద్దెగదిలో. పుస్తకాల్ని నిలువుగా పేర్చి గోడలు కట్టి, దారులు చేసి, పిల్ల ఎన్నిసార్లకు బయటపడుతుందో లెక్కపెడుతున్నాడు. ఇంటావిడ ఊరుకుంటుందా? ఖాళీ చెయ్యమంది. జేమ్స్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో చోటు అడిగారు, దొరకలేదు. మ్యూజియంలో అడిగారు, అక్కడా లేదు. చివరికి కోడిపిల్లల్ని, పొదిగే పెట్టెతో సహా, ఇర్వింగ్ వీధిలో తన ఇంటి నేలమాళిగలో పెట్టించారు. జేమ్స్ పిల్లలకు పండగ. జేమ్స్ భార్య ఏమన్నదో ఎవరూ రాయలేదు, మన ఇళ్ళల్లో అయితే ఏమంటారో ఊహించుకోవచ్చు. థార్న్‌డైక్ అక్కడినుంచి కొలంబియా వెళ్ళి, పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి, 1898లో ఆ సిద్ధాంతవ్యాసంతో పేరు తెచ్చుకున్నాడు. బి.ఇడి. చదివిన ప్రతివారూ బట్టీపట్టే 'యత్నదోష పద్ధతి' అదే. జేమ్స్‌కు ఆ తరహా కొలతల ప్రయోగాలంటే విసుగు. విసుగైనదానికి తన ఇల్లు ఇచ్చారు, అదీ సంగతి.

మేరీ కాల్కిన్స్‌ది ఇంకో కథ. వెల్స్‌లీ కాలేజీలో గ్రీకు చెప్పే ఉపాధ్యాయిని. సైకాలజీ నేర్చుకుందామని 1890లో హార్వర్డ్ వస్తే ఆడవాళ్ళకు ప్రవేశం లేదన్నారు. తండ్రి అర్జీ పెట్టుకుంటే, జేమ్స్ వెనకాల నిలబడితే, రిజిస్టర్లో పేరు ఎక్కించకుండా కూర్చోనిచ్చారు. ఆమె రాగానే క్లాసులోని నలుగురు మగపిల్లలూ ఏవో కారణాలు చెప్పి తప్పుకున్నారు. క్లాసు రద్దు కాలేదు. లైబ్రరీలో చలిమంటకు అటో కుర్చీ, ఇటో కుర్చీ. మధ్య బల్ల మీద అప్పుడే అచ్చయి వచ్చిన ఆ 1,400 పేజీలు. రాసినవాడే పాఠం, వినేది ఒక్కతే. జతలు కట్టి జ్ఞాపకశక్తిని కొలిచే పద్ధతి తరవాత ఆమే తయారుచేసింది. 1895లో డాక్టరేట్ పరీక్షకు కూర్చుంటే, హార్వర్డ్‌లో తాము చూసినవాటిలో ఇంత గొప్ప పరీక్ష లేదని జేమ్స్ రాశారు. అయినా పట్టా ఇవ్వలేదు. ఏడేళ్ళకు పక్కనున్న ఆడపిల్లల కాలేజీ రాడ్‌క్లిఫ్ పేరుతో ఇస్తామన్నారు. నేను చదివింది అక్కడ కాదని ఆమె తిప్పికొట్టింది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘానికి 1904లో అధ్యక్షుడు జేమ్స్. 1905లో కాల్కిన్స్, ఆ పదవిలో మొదటి స్త్రీ. హార్వర్డ్ పట్టా మాత్రం 1930లో ఆమె పోయేదాకా రాలేదు.

ఇక్కడ నేను జేమ్స్‌ను వెనకేసుకురాను. పరీక్ష బ్రహ్మాండమని రాసిన కలం రాజీనామా రాయలేదు. 1903లో పిహెచ్.డి. అనే ఆక్టోపస్ విద్యను చుట్టేస్తోందని గట్టి వ్యాసం రాశారు. సాహిత్యం బాగా చెప్పగలవాణ్ణి ఒక కాలేజీ ఉద్యోగంలోకి తీసుకుని, పేరు ముందు డాక్టర్ లేదని కంగారుపడి, ఆ మూడక్షరాల కోసం వాణ్ణి వెంటపడి వేధించిన వైనం అందులో ఉంది. పదోన్నతికి కావలసిన ఏపీఐ పాయింట్ల కోసం రాత్రికి రాత్రి సెమినార్ పత్రాలు పుట్టించిన మన తరం చదివితే ఉలిక్కిపడుతుంది. కానీ పట్టా ఉత్తదని అనడం పట్టా ఉన్నవాళ్ళకు తేలిక. కాల్కిన్స్‌కు అది ఉత్తది కాదు. మా క్లాసులో ఈ మాట లేవదీసింది ఒక అమ్మాయి. మేష్టారు చాలాసేపు ఆలోచించి, "అవును, అక్కడ మా ఆయన పిరికివాడే" అన్నారు.

గెర్‌ట్రూడ్ స్టైన్ అనే రచయిత్రి కూడా జేమ్స్ శిష్యురాలే, ఆవిడ కథ అందరికీ తెలిసిందే. పరీక్ష రోజున తత్వశాస్త్రం రాయాలని లేదని కాగితం మీద రాసిచ్చి వెళ్ళిపోయిందట. నాకూ అప్పుడప్పుడు అలాగే ఉంటుందని జేమ్స్ కార్డు రాసి, అందరికన్నా ఎక్కువ మార్కులు వేశారట. ఇది 1933లో ఆవిడే తన పుస్తకంలో రాసుకుంది. ఆవిడ మాటలో ఎంత పాలు, ఎంత నీళ్ళు అన్నది మీ ఇష్టం. నేను లెక్చరర్‌గా ఉండగా ఒకడు ఈ కథ చదివి ఖాళీ పేపరిచ్చాడు. నేను సున్నా వేశాను.

నల్లజాతి మేధావి డు బోయ్స్ ఆయన ఇంటికి భోజనానికి వెళ్ళిన శిష్యుడు. తత్వశాస్త్రం కూడు పెట్టదు, వేరే దారి చూసుకోమని జేమ్స్ సలహా ఇస్తే చరిత్రలోకి వెళ్ళాడు. 1903లో అతని పుస్తకం వస్తే నవలాకారుడైన తమ్ముడు హెన్రీకి పంపి చదవమన్నారు. చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్‌ను చిన్నతనంలో చూడబోయినప్పుడు జేమ్స్ ఆమెకు ఒక ఉష్ట్రపక్షి ఈక పట్టుకెళ్ళారు. మెత్తగా, తేలిగ్గా, ఒంటిని నిమిరినట్టుంటుందని. ఆ ఈక సంగతి ఆమె పెద్దయ్యాక కూడా మరచిపోలేదు. నా మటుకు నాకు 1,400 పేజీల కన్నా ఈ ఈక పెద్దది.

జేమ్స్ ఇంటి తలుపు మన దేశం వైపూ తెరుచుకుంది. 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో తాను పడమటికి ఎందుకు వెళుతున్నదీ చెప్పిన వివేకానందుడు, 1896 మార్చిలో హార్వర్డ్ తత్వశాస్త్ర విద్యార్థుల ముందు వేదాంతం చెప్పాడు. జేమ్స్‌తో పరిచయమైంది. మతానుభవాల పుస్తకంలో వివేకానందుడి 'రాజయోగా'న్ని ఉదహరించారు కూడా. అంతమాత్రాన జేమ్స్ అద్వైతి అయిపోయారని మనవాళ్ళు చంకలు గుద్దుకోనక్కర్లేదు. అంతా ఒక్కటే అన్న మాట అలసిన మనసుకు సెలవు రోజు లాంటిదని, లోకం మాత్రం అనేకమేనని 1907 నాటి పుస్తకంలో స్పష్టంగా విభేదించారు. సింహళ బౌద్ధుడు ధర్మపాల క్లాసుకు వస్తే లేచి తన కుర్చీ ఇచ్చి, పాతికేళ్ళలో అందరూ చదవబోయే సైకాలజీ ఇదే అన్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ పాతికేళ్ళకు వచ్చింది ధ్యానం కాదు, ప్రవర్తనవాది వాట్సన్ గారి ఎలుకలు. ధ్యానం ఆసుపత్రుల్లోకి రావడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది.

జేమ్స్ నుంచి మన దేశానికి ఇంకో దారి కూడా ఉంది. 1892లో ప్రయోగశాల తనవల్ల కాదని జేమ్స్ జర్మనీ నుంచి మున్‌స్టర్‌బర్గ్‌ను రప్పించి అప్పగించారు. మున్‌స్టర్‌బర్గ్ దగ్గర చదువుకున్న నరేంద్రనాథ్ సేన్‌గుప్తా 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో మన దేశపు మొదటి సైకాలజీ విభాగం నడిపాడు. మన కాలేజీల్లో తుప్పుపట్టిన మెమరీ డ్రమ్ములకూ, అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పలకలకూ వంశవృక్షం గీస్తే లారెన్స్ హాల్లోని ఆ రెండు గదుల దాకా పోతుంది.

తెరిచిన తలుపులోంచి అన్నీ మంచివే రావు. 1885లో ఏడాదిన్నర కొడుకు కోరింత దగ్గుతో పోయాడు. ఆ రోజుల్లోనే పైపర్ అనే ఆవిడ ఆత్మలతో మాట్లాడిస్తోందంటే వెళ్ళారు. ఏళ్ళ తరబడి వెళ్ళారు. తోటి శాస్త్రజ్ఞులు నవ్వారు. అటూ ఇటూ తేల్చలేదు ఆయన. మా మేష్టారు దీన్ని సమర్థించేవారు కాదు. "తలుపు తీసి పడుకున్నవాడి ఇంట్లోకి కుక్క కూడా వస్తుందిరా" అని ఊరుకునేవారు.

1907 జనవరి 22న ఆఖరి క్లాసు. గది కిక్కిరిసింది. పిల్లలు వెండి పాత్ర, సహాయకులు వెండి పొదిగిన సిరాబుడ్డి ఇచ్చారు. 1910 ఆగస్టు 26న షొకోరువా పల్లెలో తన వేసవి ఇంట్లో గుండెజబ్బుతో పోయారు. 68 ఏళ్ళు.

కానీ మేష్టారు ఈ పాఠం ముగించేది అక్కడ కాదు, పధ్నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళి. 1896 ఈస్టర్‌కు రాడ్‌క్లిఫ్ అమ్మాయిలు జేమ్స్‌కు కుండీలో ఒక అజేలియా మొక్క పంపారు. ఆయన జవాబు రాశారు. మనిషి స్వభావంలో అన్నిటికన్నా లోతైనది, ఎదుటివాళ్ళు తన విలువ గుర్తించాలన్న తపన. ఇంత పుస్తకం రాసి ఆ ఒక్కటీ అందులో పెట్టడం మరిచిపోయాను, ఎందుకంటే ఇవాళ్టిదాకా నాకు అది తీరలేదు. ఇదీ ఆ జవాబు సారాంశం.

మేష్టారు రిటైరైన ఏడు మేం ముగ్గురం డబ్బులేసుకుని ఆ మొక్క కొందామని కడియం వెళ్ళాం. నర్సరీ అతను పేరు రెండుసార్లు చెప్పించుకుని, "అది చలి దేశాల మొక్కండీ, మన ఎండకి బతకదు. నందివర్ధనం పట్టుకెళ్ళండి, చావమన్నా చావదు" అన్నాడు. నూనె డబ్బాలో పెట్టి ఇచ్చాడు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాం. మేష్టారు గుమ్మంలో నిలబడి దాన్నీ మమ్మల్నీ చూశారు. ఒక్క ముక్క అనలేదు. లోపలికి వెళ్ళి గునపం తెచ్చుకున్నారు.

అమ్మా, మీ షరతు నేను దాటలేదు, పొగడలేదు. ఇవాళ పొద్దున మీ ఇంటికి వచ్చినప్పుడు ప్రహరీ పక్కన చూశాను. పూజకు పువ్వులు కోసుకోవాలంటే ఈమధ్య దోటీ కావలసి వస్తోందన్నారు మీరు.